సంతోషమ్మ పతకం

ఐదో జార్జి చక్రవర్తి నుదుటి మీద కుంకుమబొట్టు చూసి జ్యోత్స్నకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొట్టుతో ఆగినా బాగుండేది. పసుపూ గంధం పేరుకుపోయి, ముక్కూ చెవీ అరిగిపోయి, గడ్డం ఒక్కటే మిగిలిన ఆ కంచు బిళ్ళ తాడేపల్లిగూడెంలో రైసుమిల్లు యజమాని నాగేశ్వరరావు గారింటి పూజగదిలో, లక్ష్మీదేవి పటం ముందు, వెండిపళ్ళెంలో వెలిగిపోతోంది.

"ప్రతి శుక్రవారం చింతపండేసి తోముతానండి," అంది నాగేశ్వరరావు గారి భార్య వెంకటసుబ్బలక్ష్మి. "మా అత్తగారైతే ఇటుకపొడి కూడా వేసేవారు. ఎలా మెరుస్తోందో చూడండి."

మెరవక ఏం చేస్తుంది? ఆమె అత్తగారూ, ఆ అత్తగారి అత్తగారూ తోమిన తోముడికి బిళ్ళ వెనకవైపు ఏముండేదో ఆనవాలు కూడా మిగల్లేదు. జ్యోత్స్న భూతద్దం తీసి, బిళ్ళని నిలువుగా పట్టుకుని, అంచు చుట్టూ తిప్పి చూసింది. ఎక్కడా గీత కూడా లేదు.

"ఈ అంచు మీద మీ పెద్దల పేరు చెక్కి ఉండేదేమోనండీ," అంది, గొంతులో విసుగు బయటపడకుండా జాగ్రత్తపడుతూ.

"ఉండేదేనంటండి. అక్షరాల్లో మురికి చేరుతోందని మా అత్తగారు అక్కడ ఇంకాస్త గట్టిగా తోమించేవారు."

జ్యోత్స్న వాళ్ళిచ్చిన కాఫీ తాగి, పెట్టిన బొబ్బట్టు తిని, ఇకమీదట తోమకండని చేతులు పట్టుకుని బతిమాలి, ఏలూరు వెళ్ళే రైలెక్కింది. తోమకుండా దేవుడి ముందు ఎలా పెడతామండీ అని వెంకటసుబ్బలక్ష్మి గుమ్మం దాకా వచ్చి అడిగింది.

ఏలూరులో హైస్కూల్లో పిల్లలకి ముప్ఫయ్యేళ్ళకి పైగా సోషల్ చెప్పి రిటైరైన మనిషి జ్యోత్స్న. ఊరికే కూర్చోలేక, ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో మిగిలిన పాత స్మారక పతకాల చరిత్ర రాద్దామని మొదలుపెట్టింది. పట్టాభిషేకాలకి పంచినవీ, మిషన్ వాళ్ళు ఇచ్చినవీ, వరదల్లో కలరాల్లో పనిచేసినవాళ్ళకి ఇచ్చినవీ. మొదలుపెట్టినప్పుడు అదొక చక్కటి కాలక్షేపం అనుకుంది. ఇప్పుడు తల ప్రాణం తోకకొస్తోంది. ఒకరు పతకానికి చిల్లి పొడిచి గేదె మెడలో కట్టారు. ఒకరు కరిగించి మనవడికి మొలతాడు బిళ్ళ చేయించారు. జంగారెడ్డిగూడెంలో ఒకాయన కొత్తింటికి శంకుస్థాపన చేస్తూ నవధాన్యాలతోపాటు పునాదిలో వేసేశాడట. చూపిస్తానని ఆమెను అంత దూరం బస్సులో రప్పించి, తీరా వెళ్ళాక హాల్లో సోఫా పక్కన గచ్చు మీద కాలితో తట్టి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడుందండి," అన్నాడు.

ఆమె ప్రతి ఇంట్లోనూ ఒక్క సంగతే నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పేది. పతకానికి ముందువైపు రాజు ఉంటాడు, వెనకవైపు సందర్భం ఉంటుంది, అంచు మీద దాన్ని అందుకున్న మనిషి పేరు ఉంటుంది. కాబట్టి తోమకండి, చిల్లులు పొడవకండి, దాని మీద కొత్తగా గీతలు పెట్టకండి, పేర్లు చెక్కించకండి. అందరూ బుద్ధిగా తలూపేవారు. మళ్ళీ శుక్రవారం వచ్చేసరికి చింతపండు నానబెట్టేవారు.

ఇంటికి చేరేసరికి తల్లి కృపమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఎదురుచూస్తోంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఎండాకాలంలో బాత్రూములో జారి పడ్డాక నడక తగ్గింది, దానితోపాటు ఆకలీ తగ్గింది. మొన్న గుండె డాక్టరు జ్యోత్స్నని పక్కకి పిలిచి, ఆవిడ అడిగినవి పెడుతూ ఉండండమ్మా అన్నాడు.

"ఊళ్ళోవాళ్ళ బిళ్ళలన్నీ చూసొస్తున్నావు," అంది కృపమ్మ. "మన మామ్మది ఎప్పుడు చూస్తావే?"

"చూస్తానమ్మా."

"నేను పోయాక చూసి ఏం చేస్తావు?"

ఈ మాట దగ్గరే జ్యోత్స్నకి ఒళ్ళు మండుతుంది. తల్లి మీద కాదు. మొత్తం ఈ వ్యవహారం మీద.

కృపమ్మకి మామ్మ, అంటే నాయనమ్మ, పేరు సంతోషమ్మ. ఆవిడ భర్త యేసుదాసు కొల్లేటి లంకల్లో మిషన్ ఉపదేశిగా, వారం వారం లంకలు తిరిగి వాక్యం చెప్పేవాడు. వందేళ్ళ కిందట కొల్లేరు పొంగి లంకలు మునిగాయి. నీళ్ళు తీశాక కలరా వచ్చింది. అప్పుడు రోగుల్ని కడిగి, తుడిచి, పిల్లలకి గంజి తాగించినవాళ్ళకి, వరద జ్ఞాపకంగా మిషన్ వాళ్ళు వెండి పతకాలు చేయించి ఇచ్చారు. ఒకవైపు సిలువ, రెండోవైపు నీళ్ళ మీద పడవ. సంతోషమ్మ ఆ పతకాన్ని చిన్నపిల్ల కృపమ్మ చేతిలో పెట్టి, ఇది నాది, కడగడానికి నా చేతులు తప్ప ఎవరివీ రాలేదు అని చెప్పిందట. కృపమ్మకి ఆ మాట ఇవాళ విన్నట్టే ఉంది.

కృపమ్మ తమ్ముడు దానియేలు పెళ్ళినాటికి ఇంట్లో బంగారం లేదు. పతకం మీద ఎలాగూ సిలువ ఉంది కదా అని, పైన ఒక కొండీ అతికించి, మొత్తానికి బంగారు పూత పోయించి, నల్లపూసల గొలుసుకి దూర్చి, పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి పెళ్ళికూతురి మెడలో కట్టించారు. ఆ పందిట్లోనే కృపమ్మ నోరు జారింది. మామ్మ సంపాదించుకున్న పతకం ఇంటి కోడళ్ళ మెడలోకి రావడం ఎంత బాగుందో అంది. అంతే, దానియేలు లేచాడు. అంచు మీద తాత పేరు చెక్కి ఉంటే మామ్మదెలా అవుతుంది, దొరలు ఆడవాళ్ళకి పతకాలిస్తారా, నువ్వు అబద్ధాలు కల్పించి తాత పరువు తీయకు అన్నాడు. వందమందిలో అన్నాడు. ఆ తరవాత అక్కా తమ్ముళ్ళు పెళ్ళిళ్ళకీ చావులకీ కలుసుకున్నారు గానీ ఆ మాట మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు. దానియేలు పోయాడు. ఆయన కొడుకు విశ్వాసం పెళ్ళిలో ఆ బిళ్ళే అతని భార్య సుగుణ మెడలోకి వెళ్ళింది. కృపమ్మ అబద్ధాలకోరు అనే మాట ఆ బిళ్ళతోపాటే ఆ ఇంట్లో ఉండిపోయింది.

ఆదివారం మానేసి సోమవారం వెళ్తే ప్రశాంతంగా ఉంటుందని జ్యోత్స్న కైకలూరు మీదుగా విశ్వాసం ఉండే ఆకివీడు బస్సెక్కింది. దారి పొడుగునా చెరువులు, చెరువుల మీద కొంగలు, బస్సుకి అడ్డంగా ఐసు నీళ్ళు కార్చుకుంటూ చేపల లారీలు. ఒక లారీ పక్కకి తప్పుకునేసరికి ఆమె చీర అంచు కంపు పట్టేసింది. శుభారంభం అనుకుంది.

విశ్వాసం వరండాలో కుర్చీలో ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చేపల చెరువులున్నాయి, చర్చి సంఘంలో పెద్ద.

"రావమ్మా. అత్తయ్యెలా ఉంది?" అన్నాడు. ఆ వెంటనే, "బిళ్ళ కోసమే వచ్చుంటావులే," అన్నాడు.

"చూసి వెళ్తాను బావా. తీసుకెళ్ళను."

"చూస్కో. మెడలో ఉండగానే చూస్కో."

అలా జ్యోత్స్న వంటింట్లో సుగుణ మెడ దగ్గర ముఖం పెట్టి, ఒక చేత్తో భూతద్దం, ఒక చేత్తో ఫోను లైటు పట్టుకుని, పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగా చరిత్ర పరిశోధన చేసింది. సుగుణ ఊపిరి తీసినప్పుడల్లా పతకం పైకి లేచేది, వదిలినప్పుడల్లా అక్షరాలు జారిపోయేవి. కాసేపు ఊపిరి బిగబట్టక్కా అంటే, పులుసు అడుగంటుతుంది తొందరగా చూడమ్మా అంది సుగుణ.

చివరికి చదవగలిగింది. బంగారు పూత అరిగి బయటపడిన వెండి మీద, ఇంగ్లీషు అక్షరాల్లో యేసుదాసు పేరు, ఆ పక్కన ఉపదేశి అని.

"చదివావా? ఎవరి పేరుంది?" వరండాలోంచి కేకేశాడు విశ్వాసం.

ఉన్నది ఆయన పేరే. కానీ జ్యోత్స్నకి అక్కడే ఒక సంగతి తట్టింది. ఇలాంటి వరద పతకమే ఒకటి ఆమె ఏలూరులో ఇంకో ఇంట్లో చూసింది. దాని మీద పేరు సరిగ్గా సిలువ తలకి ఎదురుగా, అంచు నడినెత్తిన మొదలవుతుంది. ఇక్కడ పేరు పక్కకి జరిగి మొదలైంది. నడినెత్తిన కొండీ ఉంది, కొండీ అడుగున బొటనవేలి గోరంత మేర టంకం ముద్దగా పరుచుకుని ఉంది. అంటే పేరుకి ముందు చెక్కిందేదో ఆ టంకం కింద ఉంది.

వరండాలోకి వచ్చి, ఈ సంగతంతా పిల్లలకి పాఠం చెప్పినట్టు విడమరిచి చెప్పింది. కొండీ ఒక్కటి ఊడదీయిస్తే చాలు, పూట పని, మళ్ళీ అతికించేస్తారు అంది.

విశ్వాసం ముఖం మాడిపోయింది. "అది మెడలోంచి దిగడానికి వీల్లేదమ్మా."

"ఎందుకు బావా?"

"ఆరేళ్ళ కిందట గొలుసు తెగి బిళ్ళ చెరువు గట్టు మీద పడిపోయింది. పొద్దున పడితే సాయంత్రానికి దొరికింది. ఆ నెల్లోనే నాకు గుండెపోటు వచ్చింది. స్టెంటేశారు. ఇంకోసారి దిగితే నేనుండను."

జ్యోత్స్న అతన్ని తేరిపార చూసింది. ఇతను ఆదివారం గుళ్ళో నిలబడి శకునాలు నమ్మకండి, తాయెత్తులు కట్టకండి అని గంటసేపు చెప్పే మనిషి.

"నువ్వే ఇలాగంటే ఎలా బావా?"

"అది వేరు, ఇది వేరు," అన్నాడు విశ్వాసం. "అయినా కొండీ కింద ఏముంటుంది, ఖాళీ ఉంటుంది. పేరు కనపడుతోందిగా. అత్తయ్యకి వయసైపోయింది, ఇంకా ఆ పంతం దేనికి?"

పంతం అన్నమాటకి జ్యోత్స్న లేచి నిలబడింది. ఏదో ఒకటి అనేదే గానీ, సుగుణ పులుసు గిన్నెతో గుమ్మంలో నిలబడి, తినకుండా వెళ్ళడానికి వీల్లేదన్నట్టు చూస్తోంది. తినేసి, చెయ్యి కడుక్కుని, పళ్ళు కొరుక్కుంటూ బస్సెక్కింది. ఇంటికొచ్చి తల్లికి ఏం చెప్పాలో తెలియక, ఇంకా పూర్తిగా చూడలేదమ్మా అంది. కృపమ్మ ఆ రాత్రి మజ్జిగ కూడా తాగలేదు.

పది రోజుల తరవాత, ఒక శుక్రవారం పొద్దున్నే తలుపు చప్పుడైంది. తీస్తే సుగుణ. చేతిలో సంచి, సంచిలో అరటాకులో చుట్టిన ఎండుచేపలు.

"ఇవాళ చెరువులో చేపల పట్టుబడి. మీ బావ గట్టు మీంచి సాయంత్రం దాకా కదలడు," అంది లోపలికొస్తూ. "పద, ఎవరి దగ్గరికెళ్ళాలో చెప్పు."

"అక్కా, ఆయన వద్దన్నాడుగా?"

"ఆయనకి గుండెపోటు వచ్చింది బిళ్ళ తెగినందుకు కాదు, మూడు పూటలా వేపుళ్ళు తిన్నందుకు. నేను వండాను కాబట్టి నాకు తెలుసు." సుగుణ నల్లపూసలు చేత్తో పట్టుకుని చూపించింది. "పుట్టింటివాళ్ళు పెట్టిన సిలువ ఇందులో ఉండనే ఉంది. మెడ బోసిగా ఏం ఉండదు. అయినా నలభై ఏళ్ళుగా నా గుండెల మీద వేలాడుతున్నది ఎవరిదో నాకూ తెలియాలి కదా."

మెయిన్ బజారు సందులో బుచ్చయ్య కొట్టు. బంగారం పనిలో తల నెరిసిన మనిషి, చేయి మంచిదని పేరు. బిళ్ళ అందుకుని, తిప్పి చూసి, కళ్ళకద్దుకుని వెనక్కి ఇచ్చేశాడు.

"రేపు రండమ్మా. శుక్రవారం పూట పుస్తె మీద మంట పెట్టనండి."

"మాకు శుక్రవారం పట్టింపు లేదండి," అంది సుగుణ.

"మీకు లేకపోతే నాకుందండి."

"ఏవండీ, ఇది అసలు పుస్తె కాదండి," అంది జ్యోత్స్న. "స్మారక పతకం. వందేళ్ళ కిందట వరదల తరవాత మిషన్ వాళ్ళు ఇచ్చినది. అంచు చూడండి, ఇంగ్లీషులో పేరుంది. పుస్తె మీద ఇంగ్లీషు ఉంటుందాండి?"

"ఏ భాష ఉంటే ఏంటండి? ప్రార్థన చేసి మెడలో కట్టారా లేదా?"

"కట్టారండి."

"మరింకేంటండి."

జ్యోత్స్న పతకాల చరిత్ర మొదటి నుంచి చెప్పింది. బుచ్చయ్య శ్రద్ధగా విని, చాలా మంచి సంగతులు చెప్పారమ్మా, రేపు రండి అన్నాడు. రేపు వస్తే ఈమె మొగుడు ఇంట్లో ఉంటాడండి అంది జ్యోత్స్న. మొగుడికి తెలియకుండా పుస్తె ఊడదీయమంటున్నారా అని బుచ్చయ్య ఈసారి స్టూలు వెనక్కి జరుపుకున్నాడు. వ్యవహారం చేజేతులా చెడగొట్టానని జ్యోత్స్న నుదురు కొట్టుకుంది.

సుగుణ మాత్రం నిదానంగా బిళ్ళని గొలుసులోంచి తీసి అద్దాల బల్ల మీద పెట్టింది. "ఇదిగోండి, ఇప్పుడు నా మెడలో లేదు. నా పుస్తె ఇదిగో," అని నల్లపూసల్లో సిలువ చూపించింది. "ఇది మా మామగారి నాయనమ్మ పతకం. దీని కొండీ సంగతి చూడండి చాలు."

బుచ్చయ్య బిళ్ళ వంకా సిలువ వంకా కాసేపు చూశాడు. తరవాత వెనక గోడనున్న దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని గ్యాసు పొయ్యి వెలిగించాడు.

టంకం కరిగింది. కొండీ పట్టకారుతో పాటు వచ్చేసింది. బుచ్చయ్య పతకాన్ని నీళ్ళల్లో ముంచి, మెత్తటి గుడ్డతో అద్ది జ్యోత్స్న చేతిలో పెట్టాడు. ఆమె భూతద్దం పెట్టింది. నల్లబడిన వెండిలో, చింతపండు ఎన్నడూ తగలని చోట, అక్షరాలు నిన్న చెక్కినట్టు ఉన్నాయి. రెండే మాటలు. వైఫ్ ఆఫ్.

జ్యోత్స్న మళ్ళీ చూసింది. అంచంతా ఒక చుట్టు తిప్పింది. ఇంకేమైనా ఉందేమోనని రెండో చుట్టు కూడా తిప్పింది.

"ఏముంది?" అంది సుగుణ.

"యేసుదాసు ఉపదేశి గారి భార్య అని ఉందక్కా. పతకం ఆవిడకే ఇచ్చారు. అమ్మ చెప్పిందే నిజం."

"మరి పేరేది?"

"పేరు రాయలేదు."

సుగుణ పతకం తీసుకుని, తనకి రాని ఆ భాష వంక చాలాసేపు చూసింది. "కలరావాళ్ళ గుడ్డలుతికింది ఆవిడైతే, పేరు ఆయనదా," అంది.

జ్యోత్స్నకి గెలిచిన సంతోషం రావాలి. రాలేదు. వందేళ్ళ కిందట దొరల సీమలో ఏదో బల్ల ముందు కూర్చుని ఈ అక్షరాలు చెక్కినవాణ్ణీ, వాడికి పేర్లు రాసిచ్చిన దొరనీ, పేరు అడగడానికి ఒక్క నిమిషం తీరిక లేకపోయిన అందరినీ వరసాగ్గా నిలబెట్టి కడిగెయ్యాలనిపించింది. వాళ్ళెవరూ దొరికే స్థితిలో లేరు. సాయంత్రం లోపల వస్తే కొండీ అతికిస్తానని బుచ్చయ్య చెప్పాడు.

ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుని, పతకం ఆవిడ అరచేతిలో పెట్టి చెప్పింది.

"మామ్మదేనమ్మా. నువ్వు చెప్పిందే రైటు."

కృపమ్మ పతకాన్ని దగ్గరికి తీసుకుంది. "నేను అబద్ధం చెప్పలేదుగా?"

"చెప్పలేదమ్మా."

"తమ్ముడుండగా తెలిస్తే బాగుండేది," అంది కృపమ్మ. కళ్ళు తుడుచుకుంది. బొటనవేలితో అంచు తడుముతూ, "సంతోషమ్మ అని ఎక్కడుంది? చూపించు," అంది.

జ్యోత్స్న చెప్పక తప్పలేదు. కృపమ్మ వేలు అంచు మీదే ఆగిపోయింది.

"అత్తయ్యా, మనం చెక్కిద్దాం," అంది సుగుణ. "బజార్లో గిన్నెల మీద పేర్లు వేసే కొట్టు ఉంది కదా. పడవ కింద నీళ్ళ దగ్గర బోలెడంత చోటుంది."

"వద్దక్కా," అంది జ్యోత్స్న, గబుక్కున పతకం అందుకుంటూ. "అలా చేస్తే ఇక దాని విలువే పోతుంది. వందేళ్ళ వస్తువు. ఇలాంటి పనులు చెయ్యొద్దనే కదా నేను ఇంటింటికీ తిరిగి మొత్తుకునేది. ఉన్నదున్నట్టు ఉండాలి. కావాలంటే నా పుస్తకంలో ఆవిడ పేరు పెద్దక్షరాలతో రాస్తాను."

"నీ పుస్తకం ఎవరు చదువుతారమ్మా?" అంది సుగుణ. వెక్కిరింపుగా కాదు, తెలుసుకుందామనే అడిగింది. అది ఇంకా మంట పుట్టించింది.

ఇంతలో ఫోను మోగింది. విశ్వాసం. స్పీకరు పెట్టవే, నేనూ వింటాను అంది కృపమ్మ.

"సుగుణ అక్కడుందటగా. బిళ్ళ తీశారా?" అన్నాడు ఒక్క గుక్కలో.

"పొద్దున తీశాం బావా. నువ్వింకా మాట్లాడుతూనే ఉన్నావు."

అవతల గట్టిగా ఊపిరి వదిలిన చప్పుడు. "సరే. ఏముంది మరి?"

"యేసుదాసు గారి భార్య అని ఉంది. ఆవిడకే ఇచ్చారు."

అవతల చేపల కాటా దగ్గరి కేకల మధ్య విశ్వాసం నవ్వాడు. ప్రాణభయం తీరినవాడి నవ్వు, చాలా తేలిగ్గా ఉంది.

"అదే కదమ్మా నేను చెప్పేది. ముత్తాత పేరే ఉంది. ఆయన భార్య కాబట్టే ఇచ్చారు, లేకపోతే ఆవిడెవరో దొరలకి ఏం తెలుసు? నాన్న అన్నదే కరెక్టు. అత్తయ్యకి నెమ్మదిగా చెప్పు, బాధపడకుండా."

కృపమ్మ ఫోను వంక చూసింది. "వాళ్ళ నాన్న గొంతే," అంది. తరవాత నెమ్మదిగా గోడ వైపు తిరిగి పడుకుని, "పోనీలే, పెట్టెయ్యి," అంది.

జ్యోత్స్న ఫోను పెట్టేసింది. తల్లి వీపు చూసింది. ముడతలు పడ్డ జాకెట్టు కింద ఎముకలు కనపడుతున్నాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఇక వెతుక్కోనక్కర్లేదనిపించింది. పతకాన్ని గుప్పిట్లో పెట్టుకుని, స్కూటీ తాళాలు తీసుకుంది.

"ఎక్కడికి?" అంది సుగుణ.

"రా అక్కా. చెప్పులేసుకో."

బుచ్చయ్య కొట్టుకి నాలుగు గడపల అవతల స్టీలు సామాన్ల దుకాణం. బయట బోర్డు మీద 'సామాన్లపై పేర్లు వేయబడును' అని రాసి ఉంది. అరుగు మీద ఏడుకొండలు అనే మనిషి మిషను ముందు కూర్చుని, ఎవరి పెళ్ళికో కొన్న బిందెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొడుతున్నాడు. జ్యోత్స్న తన వంతు వచ్చేదాకా నిలబడింది. ఏం చేస్తోందో ఆమెకి బాగా తెలుసు. ఇలాంటి పని చేసి చూపించినవాళ్ళని ఎంతమందిని మనసులో తిట్టుకుందో కూడా తెలుసు. ఇప్పుడా తిట్లన్నీ తనకే చుట్టుకున్నాయి. అయినా కాళ్ళు కదల్లేదు.

పతకం అతని చేతికిచ్చి, పడవ కింద నీళ్ళున్న చోటు వేలితో చూపించింది.

"వెండి కదండి, కాస్త నెమ్మదిగా వెయ్యాలి," అన్నాడు ఏడుకొండలు, మిషను సూది సరిచేసుకుంటూ. బిందెలకీ పళ్ళాలకీ అందరినీ అడిగే ప్రశ్నే, తల ఎత్తకుండా ఆమెనీ అడిగాడు. "ఇచ్చినవారి పేరాండి, పుచ్చుకున్నవారి పేరాండి?"

"పుచ్చుకున్నావిడ పేరండి," అంది జ్యోత్స్న. "సంతోషమ్మ."

"ఫలానా వారి భార్య అని ఏమైనా వెయ్యాలాండి?"

"వద్దండి," అంది సుగుణ. "అది ముందే ఉంది."